రోజుకో చుక్క

మూడేళ్ల కింద ఒక మీటింగ్‌లో నేను చూపించిన స్లైడ్ ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో ఉంది. ఎందుకో తీసెయ్యలేదు. అందులో ఒక నీలం గీత, ఎడమ నుంచి కుడికి దాదాపు సమంగా సాగుతుంది. మూడు నెలల పాటు ఒక సర్వర్ సీపీయూ ఎంత వాడుకుందో చెప్పే గీత. ఎక్కువ భాగం 38 శాతం దగ్గరే, నెలాఖర్లలో 41. దాన్ని చూపించి నేనన్న మాట కూడా గుర్తుంది: "ఇన్‌ఫ్రా సైడ్ క్లీన్ సర్."

ఆ మాట తర్వాత రెండు వారాలకి మా డీబీఏని ప్రాజెక్ట్ నుంచి తీసేశారు.

జరిగింది ఇది. ఒక క్లయింట్‌కి నెలాఖరు రాత్రి ఒంటిగంటకి బిల్లింగ్ జాబ్ మొదలవుతుంది. మామూలుగా రెండుంబావుకల్లా అయిపోవాలి. ఒక నెల మూడున్నర దాకా సాగింది. పొద్దున్నే మెయిళ్లు. సర్వర్లు నా బాధ్యత కాబట్టి, ఎందుకొచ్చిన గొడవ అని ఆ వర్చువల్ మెషీన్‌కి సీపీయూలు 8 నుంచి 16కి పెంచేశాను. రెండో నెల నాలుగున్నర అయింది. మూడో నెల ఐదు దాటింది. రెట్టింపు ఇచ్చినా స్లో అంటే ఇంకేముంది, క్వెరీలే బాగోలేవు అని అందరం తేల్చుకున్నాం. క్వెరీలంటే డీబీఏ. అతను కాంట్రాక్ట్ మీద ఉన్నాడు, అనంతపురం కుర్రాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. మీటింగ్ ముందు రోజు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని చెప్పాడు: "అన్నా, క్వెరీ ప్లాన్ ఏం మారలేదు. ఒక్క క్వెరీ లేటయితే నాది తప్పు. అన్నీ అదే లెక్కన లేటయినాయి, చిన్నవీ పెద్దవీ. ఇది వేరే ఏదో అన్నా."

సరే చూస్తానన్నాను. చూశాను కూడా. ఎక్కడ చూశాను అన్నదే సమస్య.

ఈ వర్చువలైజేషన్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పాత డాబా ఇళ్లు వాటాలుగా వేసి అద్దెకిస్తారు కదా, అదే. ఇల్లొకటి, బోరు మోటారొకటి, వాటాలు ఆరు. మా దగ్గర ఒక్కో పెద్ద సర్వర్‌లో 32 కోర్లు ఉండేవి. వాటి మీద నడిచే వర్చువల్ మెషీన్లకి మేం పంచిపెట్టిన సీపీయూలు కలిపితే 150 దాటేవి. ఇది మోసమేం కాదు. అందరూ ఒకేసారి స్నానానికి లేవరు అన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు. నూటికి తొంభై రోజులు ఆ నమ్మకం నిలబడుతుంది.

అయితే వాటా ఇంట్లో బకెట్ పట్టుకుని నిలబడినవాడికి తను నిలబడ్డానని తెలుస్తుంది. వర్చువల్ మెషీన్‌కి తెలీదు. దాని వంతు కానంతసేపూ అది అసలు లేనట్టే. మళ్లీ వంతు రాగానే లేస్తుంది, గడియారం ముందుకి జరిగిపోయి ఉంటుంది. మధ్యలో తను ఆగిపోయానన్న స్పృహ లేదు కాబట్టి, ఆ కాలమంతా అప్పుడు చేతిలో ఏ పని ఉందో దాని ఖాతాలో రాసేసుకుంటుంది. లినక్స్‌లో టాప్ అని కొడితే చివర్న 'ఎస్‌టీ' అని ఒక అంకె కనిపిస్తుంది. స్టీల్, అంటే దొంగతనానికి పోయిన కాలం. పేరు బాగా పెట్టారు. కానీ పైనున్న హైపర్‌వైజర్ చెబితేనే ఆ అంకె నిండుతుంది. మా మెషీన్లలో అది ఎప్పుడూ సున్నానే. కాబట్టి లోపలికెళ్లి చూసిన నాకు కనిపించిందల్లా, డేటాబేస్ ప్రాసెస్ తొంభై శాతం పైన సీపీయూ తినేస్తోందని. దొంగ దొరికాడు అనుకున్నా.

నేను తీరిక దొరికినప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను. 'నేను' అంటూ కథ చెప్పే కథకుణ్ణి ఎంతవరకు నమ్మొచ్చు అని రెండు వ్యాసాలు రాసి నలుగురి చేత బావుందనిపించుకున్నవాణ్ణి. అలాంటి నేను ఆఫీసులో ఒక మెషీన్ తన గురించి తను చెప్పుకున్నదాన్ని పొల్లు పోకుండా నమ్మేశాను.

బయటినుంచి చూస్తే తెలిసేదా అంటే, తెలిసేదే. ఇక్కడ నా రెండో తప్పుంది. మేం వాడే వీఎమ్‌వేర్‌లో సర్వర్ ప్రతి 20 సెకన్లకి ఒక అంకె నమోదు చేస్తుంది. కానీ దాన్ని ఒక గంటసేపే దాచుకుంటుంది. 180 చుక్కలు, అంతే. తర్వాత అవి ఐదు నిమిషాల సగటుగా మారి ఒక రోజు ఉంటాయి. తర్వాత అరగంట సగటుగా ఒక వారం, రెండు గంటల సగటుగా ఒక నెల. అదీ దాటితే రోజంతటికీ ఒకే ఒక్క చుక్క. మీటింగ్‌లో మూడు నెలల రిపోర్ట్ అడిగారు, కాబట్టి నేను తీసింది రోజుకో చుక్క ఉన్న గ్రాఫ్. నెలాఖరు రాత్రి నాలుగు గంటలు ఆ సర్వర్ 90 శాతం పైన ఉక్కిరిబిక్కిరయింది. మిగతా ఇరవై గంటలు ఖాళీగా ఊగింది. సగటు 41. నవీన్ 'అంపశయ్య' మొత్తం ఒక కుర్రాడి ఒకే ఒక్క రోజు కదా. నా గ్రాఫ్‌లో వేస్తే ఆ నవల ఒక చుక్క.

దీన్నెవరూ నన్ను అడగలేదు. గ్రాఫ్ ఉంది, రంగుంది, అంకెలున్నాయి, చాలు.

ఎనిమిది నెలల తర్వాత మానిటరింగ్ సరిగ్గా పెట్టమని నాకే అప్పగించారు. వేరే క్లయింట్ ఆడిట్‌లో అడిగారని, అంతకుమించి ఏం లేదు. టెలిగ్రాఫ్ అనే ఏజెంట్ ఆ 20 సెకన్ల అంకెల్ని చెరిగిపోకముందే పట్టుకొచ్చి ఇన్‌ఫ్లక్స్‌డీబీలో పోస్తుంది, గ్రఫానా దాన్ని బొమ్మ గీస్తుంది. వాటిని నిలబెట్టడం రెండ్రోజుల పని. వందల కౌంటర్లలో ఏది దాచాలి, ఏది వదలాలి అని తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. అన్నీ తెచ్చుకుంటే డిస్క్ నిండుతుంది, మనిషి ఏదీ చూడడు. డిస్క్ ఆలస్యంలో స్టోరేజ్ వల్ల అయిందెంత, హైపర్‌వైజర్ క్యూలో అయిందెంత అని విడివిడిగా పెట్టాను. మెమరీలో బెలూన్ అంకె పెట్టాను. దీని గురించి కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో రాసిన పేపర్ ఉంది, చదవడానికి హాయిగా ఉంటుంది. మెషీన్ లోపల ఒక బుడగ ఊది, చోటు లేదని దాన్నే నమ్మించి, దాని జ్ఞాపకాన్ని దానిచేతే ఖాళీ చేయించడం. ఇక సీపీయూలో వాడకంతో పాటు 'రెడీ' అన్న అంకె పెట్టాను. పని ఉండి, సిద్ధంగా ఉండి, కోర్ దొరక్క నిలబడిపోయిన కాలం.

ఆ నెలాఖరు రాత్రి ఇంట్లో మేలుకునే ఉన్నాను. ఒంటిగంట నలభైకి బిల్లింగ్ మెషీన్ రెడీ 76,800 చూపించింది. మిల్లీసెకన్లు. మొదట కంగారు పడ్డాను, తర్వాత కాగితం మీద వేసుకున్నా. అది 16 సీపీయూలకీ కలిపిన లెక్క. 16తో భాగిస్తే 4,800. 20 సెకన్లంటే 20,000 మిల్లీసెకన్లు. అంటే 24 శాతం. ఐదు దాటితే కన్నేసి ఉంచాలి, పది దాటితే వాడేవాళ్లు తిడతారు అని మా వృత్తిలో ఒక అంచనా ఉంది.

సరిగ్గా అదే సమయానికి అదే సర్వర్ మీద ఇంకో ఏడు మెషీన్ల బ్యాకప్‌లు, వైరస్ స్కాన్‌లు మొదలయ్యేలా పెట్టి ఉన్నాయి. పెట్టింది మా టీమే. పైగా నేను ఉదారంగా ఇచ్చిన 16 సీపీయూలు. పెద్ద కుటుంబం తీర్థానికి వెళ్తే ముందు నడిచేవాళ్లని వెనకవాళ్లు వచ్చేదాకా ఆపుతారు చూడండి, హైపర్‌వైజర్ కూడా ఒక మెషీన్ సీపీయూలతో అదే పని చేస్తుంది. ఎన్ని ఎక్కువుంటే ఆగడం అంత ఎక్కువ. సాయం చేస్తున్నాననుకుని పరిస్థితిని ఇంకా పాడు చేసింది నేను.

మళ్లీ 8 చేశాను. బ్యాకప్‌లు నాలుగింటికి జరిపాను. మరుసటి నెల జాబ్ రెండుంపావుకి అయిపోయింది. ఒక్క క్వెరీ కూడా ఎవరూ ముట్టుకోలేదు.

టీమ్‌లో అందరూ "సూపర్ బ్రో" అన్నారు. మేనేజర్ నెలవారీ మీటింగ్‌లో నా పేరు చెప్పాడు. ఆ కుర్రాడి పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, నిజం చెప్పాలంటే. ఆ రాత్రే ఫోన్ చేద్దామనుకుని పదకొండు రోజులు చెయ్యలేదు. నేను కావాలని చెయ్యలేదు కదా, డేటా అలా చూపించింది కదా అని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నా. క్యాంటీన్‌లో అతను చెప్పిన మాట అడ్డొచ్చేది. అన్నీ అదే లెక్కన లేటయినాయి. అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? అతని దగ్గర గ్రాఫ్ లేదు, నా దగ్గర ఉంది. తేడా అంతే.

చివరికి చేశాను. బెంగళూరులో ఉన్నాడు. మొత్తం విన్నాడు. తిట్టలేదు, తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

"నేనప్పుడే చెప్పినా కదన్నా."

"అవును, చెప్పావు."

"నాలుగు నెల్లు ఖాళీగా ఉంటి. పాత ప్రాజెక్ట్‌లో నుంచి ఎందుకు తీసేసినారని ప్రతి ఇంటర్వ్యూలో అడిగినారు."

నేనేం మాట్లాడలేదు.

"ఇదంతా మెయిల్ పెడ్తావా అన్నా, మా పాత కంపెనీవాళ్లకి? ఇప్పుడు నాకేం అక్కర్లేదులే. ఊరికే, వాళ్లకి తెలిసుంటే బాగుంటాదని."

పెట్టాను. అతని పాత కంపెనీకి, మా మేనేజర్‌కి, ఆ మీటింగ్‌లో ఉన్న అందరికీ. నా నీలం గీత పైన, దాని కింద 20 సెకన్ల గ్రాఫ్. సీపీయూలు పెంచింది నేనేనని కూడా రాశాను. ఆ వాక్యం మూడుసార్లు తీసేసి నాలుగోసారి ఉంచాను. పాత కంపెనీ నుంచి జవాబు రాలేదు. మా మేనేజర్ పిలిచి "ఇదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు.

వారం తర్వాత ఆ కుర్రాడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. 'అన్నా, ఇక్కడ మా సర్వర్ల మీద కూడా నాకు డౌటుంది. ఆ రెడీ లెక్క ఎట్ల కట్టాలో పంపు.'

పంపాను. సీపీయూల సంఖ్యతో భాగించడం మర్చిపోవద్దని చివర్లో రాశాను.