వెలిగారం డబ్బా

మా నాయన స్వర్ణకారులు. ప్రొద్దుటూరులో మా ఇంటి వసారాయే ఆయన కార్యశాల. నేను ఉద్యోగరీత్యా సూరత్ చేరిన కొన్నేళ్లకు ఆయనను నా వద్దకు తీసుకువచ్చినప్పుడు, బట్టలకన్న ముందు ఆయన సర్దుకొన్నది పనిముట్ల పెట్టె. అందులో ఊదుగొట్టం, పట్టుకారు, ఒక రేకు డబ్బా నిండా వెలిగారం.

వెలిగారం బోరాన్ లవణం. దానిని నీటితో రాతిపై అరగదీసి, నగ అతుకుకు పూసి మంట ఊదితే, గాజువలె కరిగి లోహాన్ని కప్పివేస్తుంది. గాలి సోకదు కనుక టంకం చక్కగా పారుతుంది. ఇక్కడి బజారులో దానినే 'టంకణఖార్' అంటారని తెలిసి, గుజరాతీ ఒక్క ముక్క రాని మా నాయన ఎంతో సంబరపడ్డారు.

2006 ఆగస్టులో ఉకై జలాశయం నుండి విడుదలైన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధికభాగాన్ని ముంచివేసింది. మేమున్నది క్రింది అంతస్తు. నీరు తీసిన తరువాత బురదలో పెట్టె దొరికింది. డబ్బాలో వెలిగారం ఆనవాలైనా లేదు. "నిప్పుకు నిలిచేది నీళ్లకు నిలవదు నాయనా" అని మాత్రం అన్నారు.

పదేళ్ల తరువాత మా అమ్మాయి బ్యాటరీ పదార్థాలపై పరిశోధనలో చేరింది. లిథియం అయాన్ బ్యాటరీ ధనధ్రువానికి ఖరీదైన కోబాల్టుకు బదులు ఇనుము పనికివస్తుందని 1997లో గుడెనఫ్ బృందం ఐరన్ ఫాస్ఫేట్‌తో నిరూపించింది. ఫాస్ఫేట్‌కన్న బోరేట్ తేలిక. అందువల్ల లెక్క ప్రకారం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గ్రాముకు 170 మిల్లీఆంపియర్-గంటలు నిలువ చేస్తే, లిథియం ఐరన్ బోరేట్ 220 చేయగలదు. మా అమ్మాయి నమూనాలు అందులో నాలుగోవంతైనా ఇవ్వలేదు. రెండేళ్లు గడిచాయి. సెలవులకు వచ్చి, "ఇది నా వల్ల కాదు నాన్నా" అన్నది. మానివేసి ఉద్యోగ పరీక్షలు వ్రాయమన్నాను.

"ఏ సరుకుతో పని తల్లీ?" అని మా నాయన అడిగారు. "వెలిగారం జాతిదే తాతయ్యా" అని ఆమె వివరించింది. 2001లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు పరీక్షించినప్పుడు దానినుండి అత్యల్పంగా మాత్రమే లిథియం బయటకు వచ్చిందట. 2010లో టోక్యోలో యమాడా బృందం దాదాపు పూర్తి సామర్థ్యాన్ని రాబట్టింది. గాలిలోని తేమ తగిలి పైపొర చెడిపోవడమే ముఖ్యమైన అడ్డంకి అని తేల్చి, పదార్థానికి గాలి సోకకుండా కాపాడారు.

"తొమ్మిదేండ్లు సరుకును అన్నారు, తప్పేమో గాలిది" అన్నారు నాయన. తరువాత నావైపు తిరిగి, "పిల్లను కూడా అట్లనే అంటాండావా?" అని అడిగారు.

నా వద్ద సమాధానం లేదు. ఆమె ఏ వసతుల నడుమ పనిచేస్తున్నదో నేను ఒక్కనాడూ అడగలేదు. ఆ రాత్రి అడిగాను. గాలి చొరని పెట్టె తరచు చెడిపోతుందనీ, వానాకాలంలో నమూనాలను ఆరుబయటి దారినే మరొక భవనానికి మోసుకుపోతున్నాననీ చెప్పింది. పరీక్షల మాట విరమించుకొన్నాను. ఆమె తన మార్గదర్శకులకు విన్నవించుకొని, వేరొక ప్రయోగశాలలో ఆరు నెలలు పనిచేసింది. సామర్థ్యం రెట్టింపయినది. లెక్కకు ఇంకా చాలా దూరమే. ఐరన్ బోరేట్ నేటికీ విపణికి రాలేదు. ఆమె మాత్రం పట్టా పుచ్చుకొన్నది.

మా నాయన ఇప్పుడు లేరు. ఆ ఖాళీ డబ్బా నా వద్దనే ఉన్నది. మన కార్యాలయంలో కొత్తగా చేరిన కుర్రవాడెవరైనా పనికిరాడని నా ముందు అన్నప్పుడు, మనం అతనిని ఏ గాలిలో ఉంచామో ముందు విచారించుకొంటున్నాను.