ఎర్రనూనె, మొగిలి ఘాటు

మా హలసూరు నుంచి పాత మద్రాసు రోడ్డు పట్టుకొని తూర్పుగా పోతే హొసకోట, కోలారు, ముళబాగిలు, ఆపైన నంగిలి దాటితే చిత్తూరు జిల్లా. ఈ దారిన ప్రయాణం చేయని తెలుగు కుటుంబం బెంగుళూరులో అరుదు. పెళ్ళిళ్ళకు పోయేదీ ఈ దారినే, తిరుపతి మొక్కులు తీర్చుకోవడానికి పోయేదీ ఈ దారినే. కనుక దారి వర్ణన చేసి చదువరులకు విసుగు పుట్టించను. ముళబాగిలు దోసెలను గురించి కూడా ఏమీ వ్రాయను. పలమనేరు దాటిన తరువాత వచ్చే మొగిలి ఘాటులో మా కారు నిలిచిపోయిన సంగతీ, అందువల్ల మా వాకిట్లో జరిగిన ఒక పనినీ మాత్రం విన్నవించుకుంటాను.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. పసితనంలో పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. గుమాస్తా ఉద్యోగం కుర్చీలో కూర్చుని చేసేది గనుక దానికి కాలు అడ్డం రాలేదు. చాలాకాలం పక్కచక్రాల స్కూటరు నడిపాను. వానాకాలంలో అమ్మను వెనుక కూర్చోబెట్టుకొని ఆస్పత్రికి తీసుకుపోయిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. 2019లో, ఒకరు వాడి అమ్మిన పాతకారు, ఆటోమేటిక్ గేరుది, కొన్నాను. దానికి రెండే పెడళ్ళు. రెండూ కుడికాలి పనే. వీధిలోవారు అది షోకు అనుకున్నారు. నాకు మాత్రం అది కారు కాదు, కాలు.

2023 డిసెంబరులో బంగారుపాళ్యం దగ్గర పల్లెలో మా మేనమామ మంచాన పడ్డాడు. అమ్మకు ఆయన ఒక్కడే అన్న. నెలకొకసారైనా చూసిరావాలని ఆమె పట్టు. మొదటిసారి పోయేటప్పుడు ఏ చిక్కూ లేదు. బెంగుళూరు నుంచి పోయేవారికి మొగిలి ఘాటు దిగుడే గదా. తిరుగుప్రయాణంలో ఎక్కుడు. కొండ సగం ఎక్కామో లేదో, ఇంజను గట్టిగా అరవసాగింది, బండి మాత్రం ముందుకు సాగదు. ఎంత తొక్కితే అంత అరుపు. వెనుక లారీల హారన్లు. ఎట్లాగో అంచుకు లాగి నిలబెట్టాను.

"ఏమిరా, ఈడ నిలబెట్టినావు?" అన్నది అమ్మ.

ఆ చుట్టుపక్కల అడవి కౌండిన్య అభయారణ్యం. ఏనుగులు తిరిగే చోటు. పొద్దు వాలుతున్నది. అమ్మకు అక్కడి ఏనుగుల సంగతి నాకంటె బాగా తెలుసు గనుక నేనేమీ మాట్లాడలేదు. ముప్పావుగంట ఇంజను ఆరనిచ్చి, గేరుకర్రను 'ఎల్' దగ్గర పెట్టి, ఎద్దులబండి నడకతో పలమనేరు చేరాము. ఆ ముప్పావుగంటలో నేను అనుకున్నది ఒక్కటే: ఈ కారు పోతే మళ్ళీ స్కూటరే.

మర్నాడు ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించాను. గేరుపెట్టె మొత్తం మార్చాలన్నారు. లక్షా నలభైవేలు. నూనె మార్చి చూడరాదా అని అడిగితే, ఆ నూనె జీవితాంతం మార్చనక్కరలేదన్నారు. ఎవరి జీవితాంతమో మాత్రం చెప్పలేదు.

మా వీధిలో ఒక మేస్త్రీ ఉన్నారు. నలభై ఏండ్లు కార్ల పని చేసి, చూపు మందగించి షెడ్డు మూసుకున్నారు. నేను ఆయన్ను మామా అని పిలుస్తాను. ఆయన వచ్చి, బానెట్టు ఎత్తించి, గేరుపెట్టె డిప్‌స్టిక్కు లాగి తెల్లకాగితం మీద ఒక చుక్క వేశారు. అది కాఫీడికాక్షను రంగులో ఉంది. వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. మూకుడులో మాడిన నూనె వాసన.

"ఇది కొత్తలో ఎర్రగా దానిమ్మరసం మాదిరి ఉంటుందప్పా. వేరే నూనెలతో కలవకుండా, కారితే కనబడేటట్టు, రంగు వేస్తారు. లోపల బిళ్ళలు పూర్తిగా కాలిపోయుంటే ఏ నూనె పోసినా బాగుపడదు. కాలకుండా ఉంటే బాగుపడొచ్చు. లక్షన్నర ఖర్చు పెట్టేముందు ఆరేడువేలు పెట్టి చూడు."

ఇక్కడ యంత్రం సంగతి కొంచెం చెప్పక తప్పదు. ఈ రోజుల్లో 'ఆటో గేరు' అని అమ్ముతున్న చిన్నకార్లు పెక్కింటిలో ఉండేది మామూలు గేరుపెట్టే, మామూలు క్లచ్చే; కాలికి బదులు ఒక యంత్రం తొక్కుతుంది. 2014లో సెలెరియో కారుతో మన దేశంలో వాడుకకు వచ్చిన పద్ధతి అది. మా కారు పాత తరహాది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి కరెంటు ఇస్తే, ఆ గాలికి రెండవది కూడా తిరుగుతుంది చూడండి. అట్లాగే ఇంజను ఒక చక్రాన్ని నూనెలో తిప్పుతుంది, ఆ నూనె విసురుకు ఎదుటి చక్రం తిరిగి బండిని లాగుతుంది. గేర్లు పట్టే బిళ్ళలను అదిమేదీ ఆ నూనె ఒత్తిడే. పళ్ళు అరగకుండా చూసేదీ, వేడిని మోసుకుపోయేదీ అదే. ఇన్ని చాకిరీలు చేసే నూనెను పధ్నాలుగేళ్ళు ఎవరూ మార్చలేదన్నమాట.

1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమెరికావారు మొదట ఈ రకం గేరుపెట్టెను ఎక్కువగా అమ్మారు. చాలాకాలం ఈ నూనెలో తిమింగలపు నూనె కలిపేవారట. 1970 దశకంలో తిమింగలాల వేటసరుకు అక్కడ నిషేధించాక వేరే మందులు కనిపెట్టవలసి వచ్చింది. ఈ ముక్క మా అమ్మాయి చదివి చెప్పగా, మడికట్టుకొని ఉన్న మా అమ్మ, "ఇప్పుడు లేదు గదా?" అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నది.

నూనె కొనడానికి జె.సి. రోడ్డుకు పోయాము. జయచామరాజేంద్ర మహారాజుగారి పేరిట ఉన్న ఆ రోడ్డు టౌన్‌హాలు నుంచి మినర్వా సర్కిలు దాకా మోటారు సామానుల సంత. 1963లో తెరిచిన రవీంద్ర కళాక్షేత్రం కూడా ఆ రోడ్డులోనే ఉంది. లోపల నాటకాలు, బయట హారన్లు. సీటుకవర్లు, అద్దాలు, దీపాలు, వైర్లు, రబ్బరు చాపలు. బండి నెమ్మదిగా పోనిస్తే చాలు, "ఏను బేకు సార్?" అంటూ కుర్రవాళ్ళు కిటికీ పట్టుకొని నడుస్తారు. అదే కుర్రవాడు ముందుబండితో తమిళం, మాతో తెలుగు, వెనుకబండితో ఉర్దూ మాట్లాడుతాడు. భాషలకోసం తగవులాడేవారు ఒక పూట అక్కడ నిలబడితే మంచిదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మొదటి అంగడిలో ఒక డబ్బా ఇచ్చి, "ఎర్రనూనె అంతా ఒకటే సార్" అన్నాడు. ఈ ఒక్క మాట నమ్మి గేరుపెట్టెలు పాడుచేసుకున్నవారు ఉన్నారని మేస్త్రీమామ ముందే హెచ్చరించారు. బండి పుస్తకంలో ఏ గుర్తు వ్రాసి ఉందో ఆ గుర్తే డబ్బా మీద ఉండాలి. ఒక అక్షరం తేడా వచ్చినా వద్దు. ఆఫీసులో రశీదులు సరిచూసే అలవాటు ఇక్కడ పనికివచ్చింది. నాలుగవ అంగడిలో సరైనది, సీలు చెడనిది దొరికింది. లీటరు డబ్బాలు ఎనిమిది, బోల్టుకు వేసే కొత్త వాషర్లు మూడు, సన్నని పొడుగుమూతి గరాటు ఒకటి కొన్నాము. అంతా కలిపి 6,900 రూపాయలు.

2024 జనవరిలో ఒక ఆదివారం పని మొదలుపెట్టాము. నా కాలితో కారు కిందికి దూరడం కాని పని. మామకు చూపు ఆనదు. మా అమ్మాయి పదిహేడేళ్ళది, నేను పోతానన్నది. మామ ముందు ఒప్పుకోలేదు. తరువాత, జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి పోరాదని మూడుసార్లు చెప్పి, తన పాత షెడ్డు నుంచి ఇనుపస్టాండ్లు నాలుగు తెప్పించి, బండి సమంగా నిలిచేటట్టు వాటిమీద కూర్చోబెట్టించి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించి, బండిని తానే నాలుగు పక్కలా తోసి చూసి, అప్పుడు సరేనన్నారు.

నూనె కొంచెం వెచ్చగా ఉంటే బాగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. కనుక వీధి చుట్టూ తిప్పి వచ్చి ఇరవై నిమిషాలు ఆగాము. అమ్మాయి చేతితొడుగులు వేసుకొని కిందికి జరిగి, బోల్టు వదులు చేసి, పాత స్టీలు బేసినులోకి నూనె దింపింది. అమ్మ గడపలో కూర్చుని, "పాపా, కంట్లో పడనీవద్దు" అని ఒకటే పాట.

బోల్టు కొసన చిన్న అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు ముద్ద అంటుకొని ఉంది. అది చూసి నాకు గుండె జారింది. మామ దాన్ని వేళ్ళమధ్య నలిపి, "మెత్తగా కాటుక మాదిరి ఉంది. ఇన్నేళ్ళ అరుగుదల. ఇనుపముక్కలు, పెచ్చులు ఉంటే భయపడాలి. ఇది మంచిదే" అన్నారు. నేను తుడవడానికి పాత బనీను అందిస్తే కసిరారు. దాని నూలుపోగు ఒకటి లోపలికి పోయి సన్నని దారుల్లో అడ్డం పడితే చాలునట, కొత్త రోగం. పోగులు రాలని గుడ్డ కావాలి. అమ్మ తన మెత్తటి పాత పట్టుచీర కొంగు చింపి ఇచ్చింది.

దిగిన నూనెను సీసాలతో కొలిచాము. సరిగ్గా రెండున్నర లీటర్లు. దిగినంతే పోయాలి. కొత్త వాషరుతో బోల్టు బిగించి, డిప్‌స్టిక్కు గొట్టంలోనే గరాటు పెట్టి రెండున్నర లీటర్లు పోశాము. బండి దింపి, ఇంజను నడిపించి, బ్రేకు తొక్కిపట్టి, గేరుకర్రను ఒక్కొక్క చోట నాలుగు క్షణాలు ఆపుతూ అన్ని చోట్లకూ తిప్పి మళ్ళీ 'పి'లో పెట్టి, వేడెక్కాక మట్టం చూశాము. మా బండి పుస్తకం ప్రకారం ఇంజను నడుస్తుండగా చూడాలి. కొన్ని బండ్లకు ఆపిన తరువాత చూడాలట. కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. తక్కువైనా చెరుపే, ఎక్కువైనా చెరుపే.

ఇంతకూ పెట్టెలో పట్టేది ఆరు లీటర్లు. తక్కిన మూడున్నర లీటర్లు ఆ తిరిగే చక్రాలలోనూ గొట్టాలలోనూ ఉండిపోతాయి, దిగవు. లెక్క వేశాను: మొదటిసారికి పాతనూనె నూటికి 58 పాళ్ళు మిగులుతుంది. మళ్ళీ మారిస్తే 34. మూడవసారికి 20. మిషనుతో ఒత్తిడి పెట్టి అంతా ఒక్కసారే కడిగించరాదా అని అడిగితే, ఇన్నేళ్ళు పట్టించుకోని పెట్టెకు అంత మోటుపని వద్దు, నెమ్మదిగా మార్చుకోమన్నారు మామ. రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు చేశాము.

మొదటిసారికి ఏ మార్పూ కనబడలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. రెండవసారికి, రెండు నుంచి మూడుకు గేరు మారేటప్పుడు కొట్టే కుదుపు సగమైంది. మూడవసారి తీసిన నూనె బేసినులో ఎర్రగానే కనిపించింది. ఇప్పటికీ చలిపొద్దున మొదటి అరమైలు ఒక్క క్షణం తడబడుతుంది. అది పోదని మామ చెప్పనే చెప్పారు. మాడిన నూనెను కాలువలో పొయ్యలేదు. డబ్బాలకు ఎత్తి, వాడిన నూనె శుద్ధిచేసేవారికి పంపే ఒక షెడ్డులో ఇచ్చాము.

ఫిబ్రవరి ఆఖరున మళ్ళీ పోయాము. మేనమామ లేచి దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. అమ్మా ఆయనా ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను బయట బండి కింద నూనె చుక్కలేమైనా ఉన్నాయేమోనని వెతుకుతున్నాను. తిరుగుదారిలో మొగిలీశ్వరునికి దండం పెట్టుకొని ఘాటు ఎక్కడం మొదలుపెట్టాము. పోయినసారి నిలిచిపోయిన మలుపు వచ్చింది. అమ్మాయి ముందుసీటులో ఊపిరి బిగపట్టి కూర్చుంది. బండి ఒక గేరు తగ్గి, కొంచెం గొంతు పెంచి, నలభై వేగంలో అట్లాగే లాగింది. ఒక లారీని కూడా దాటాము. వెనుకసీటులో అమ్మ నిద్రపోతున్నది.

పలమనేరులో టీకొట్టు ముందు, ఇంజను ఆపకుండానే బానెట్టు ఎత్తాను. అమ్మాయి పట్టుగుడ్డతో డిప్‌స్టిక్కు తుడిచి, మళ్ళీ ముంచి తీసి, ఎండకు పట్టి చూసింది. మట్టం గీతలమధ్య ఉంది. రంగు ఎరుపే. వాసన చూడమని నాకు అందించింది.

"చాల్లే, ఆ కడ్డీ లోపల పెట్టండి. టీ చల్లారిపోతాంది" అన్నది అమ్మ కిటికీలోంచి.