చైనా స్నేహితురాలికి ఏమి పంపాలి?

వైద్యవిద్య కోసం చైనా దేశం వెళ్లే మన పిల్లలు ఇరవై ఏళ్లుగా వున్నారు. పొలం అమ్మి, అప్పుచేసి పంపిన కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ మాకు తెలుసు. సెలవులకు వచ్చిన పిల్ల తిరిగి వెళ్లేటప్పుడు పచ్చళ్లు, పొడులు ఎలా మూటగట్టాలో తల్లులకు ఒకరు చెప్పనక్కరలేదు. "అక్కడ మా పిల్లను కనిపెట్టుకొని వున్న చైనా వాళ్లకు ఏమి పంపాలి, అయ్యగారూ?" అన్న దగ్గరే వారు ఆగిపోతారు. ప్రియ పాఠకులారా, మీ గ్రామంలోనూ అటువంటి యిల్లు ఒకటి వుండవచ్చునని యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా సంఘం హైదరాబాదులో ఫిలింనగర్ బస్తీలో వుంది. చుట్టూ జూబ్లీహిల్స్ మేడలు, సినిమా స్టూడియోలు. మధ్యలో కొండరాళ్ల మీద యిరుకు యిండ్లు. మా విశ్వాసుల్లో చాలామంది సినిమా పనివారే. వారిలో నరసాపురం వైపు నుండి వచ్చి స్థిరపడిన లైట్‌మాన్ కుటుంబం ఒకటి. తల్లి కాస్ట్యూములు కుడుతుంది. పెద్దమ్మాయి 2018లో చైనాకు చదువుకు వెళ్లింది.

2020 జనవరిలో, చైనావారి కొత్త సంవత్సరపు సెలవులకు, ఆ అమ్మాయి ఒక్క చిన్న సంచితో యింటికి వచ్చింది. ఇంతలో కరోనా. మార్చి 28 నుండి చైనా విదేశీయులకు తలుపులు మూసింది. మన విద్యార్థులకు మళ్లీ వీసాలు యివ్వడం 2022 ఆగస్టులో గాని మొదలు కాలేదు. అంతకాలం ఆమె పాఠాలన్నీ ఆ ఒంటిగది యింట్లో, ఫోనులోనే. అక్కడ హాస్టలు గది ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, సిచువాన్ ప్రాంతానికి చెందిన తోటి విద్యార్థిని ఒకతె ఆమె పుస్తకాలు, దుప్పట్లు, తెలుగు బైబిలు అన్నీ పెట్టెల్లో సర్ది తన యింటికి పంపించి, వాళ్ల నాయనమ్మ గదిలో భద్రం చేసింది. ఎవరూ అడగలేదు. తానే చేసి, తరువాత ఫోటో తీసి పంపింది.

అటువంటి స్నేహితురాలికి ఏమి తీసుకువెళ్లాలి?

తండ్రి గోడగడియారం అన్నాడు. మనం పెండ్లికీ గృహప్రవేశానికీ యిచ్చేది అదే గదా! అమ్మాయి రెండు చేతులూ అడ్డం పెట్టింది. చైనా భాషలో 'గడియారం యివ్వడం' అన్న మాటా, 'చావువేళ దగ్గరుండి సాగనంపడం' అన్న మాటా ఒకే ధ్వనితో పలుకుతాయట. గొడుగు కూడా యివ్వరు. ఆ మాట 'విడిపోవడం' అన్నట్టు వినబడుతుంది. నాలుగు అన్న అంకె చావును గుర్తుకు తెస్తుంది గనుక నాలుగేసి వస్తువులు పెట్టరు, ఎనిమిది మంచిది. నవ్వుకోనక్కరలేదు, మనవాళ్లు వంద యివ్వక నూటపదహార్లు చదివించడం లేదా!

తల్లి జూబ్లీహిల్స్‌లోని ఒక పెద్ద దుకాణానికి వెళ్లి, వెండి రంగు పెట్టెలో పెట్టిన డ్రైఫ్రూట్స్ ధర అడిగి వచ్చింది. నాలుగు రోజుల కూలి. అయినా కొంటానన్నది. అమ్మాయి వద్దన్నది డబ్బు గురించి మాత్రమే కాదు. అక్కడ కానుక పుచ్చుకున్నవారు అంతకు తగినది తిరిగి యిచ్చి తీరాలనుకుంటారు. ఖరీదైనది యిస్తే ఆ యింటిమీద బరువు పెట్టినట్టే. ఆ స్నేహితురాలి తండ్రి బస్సు డ్రైవరు. వెయ్యి లీల దూరం నుండి పెద్దబాతు ఈక ఒకటి తెచ్చినా, కానుక తేలిక, మనసు బరువు అని వాళ్లకొక సామెత వుంది. చిన్నది యివ్వడం పిసినారితనం కాదు, అవతలివారికి వెసులుబాటు అని మాకు ఆ రోజు బోధపడింది.

తినేవాటి సంగతి త్వరగానే తేలింది. మాంసం, తాజా పండ్లు, విత్తనాలు, పాలు, వెన్న వంటివి ప్రయాణికులు చైనాలోకి తీసుకుపోకూడదు. విమానాశ్రయంలో తీసి పారవేస్తారు. కనుక పాలకోవా మానుకున్నారు. మన మిఠాయిల తీపి కూడా వాళ్లకు ఎక్కువే. 'తీపి మరీ లేదు' అనడం అక్కడ మెచ్చుకోలు. నువ్వులూ వేరుశెనగలూ వాళ్లు ఎరిగినవే గనుక, కంపెనీ ప్యాకింగు వున్న పల్లీ చిక్కీ ఎనిమిది పొట్లాలు, పలాస జీడిపప్పు, ఉప్పుబిస్కెట్టూ తీపిబిస్కెట్టూ కాని మన ఉస్మానియా బిస్కెట్లు ఒక డబ్బా. టీ పుట్టిన దేశానికి టీ ఎందుకని అరకు కాఫీపొడి ఒకటి. కారం తీసుకుపోవాలన్న ఆలోచన వచ్చిందిగాని, గుంటూరు మిరపకాయలు ఎలాగూ ఓడలకొద్దీ చైనాకు వెళ్తున్నాయి.

ఇంతలో మేనమామ వచ్చాడు. ఆయనది సూర్యాపేట. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మరణించిన కల్నల్ సంతోష్‌బాబు ఆ వూరివాడే. "మనవాణ్ణి చంపినవాళ్లకు బిస్కెట్లు పంపుతారా?" అన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ కుటుంబం కోసం మా సంఘమంతా కన్నీటితో ప్రార్థించిన దినం మాకు జ్ఞాపకమే. ఆయన దుఃఖం అబద్ధమని మేము అనలేము, అనలేదు. అమ్మాయి మాత్రం, "మామయ్యా, నా పుస్తకాలు దాచింది సైన్యం కాదు, ఆ పిల్ల" అన్నది. ఆయన లేచి బయటికి వెళ్లాడు.

చివరికి మాట తేల్చింది నరసాపురం దగ్గర పల్లెలో వున్న నాయనమ్మ. ఆ ప్రాంతపు స్త్రీలకు క్రోషా సూదితో లేసు అల్లడం 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. వేలమంది పేద తల్లులు దానితో పిల్లలను పెంచారు. ఎంత తక్కువ కూలికి అల్లారో 1982లో మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు ఒక పుస్తకమే వ్రాసింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. యాభై ఏళ్లుగా ఆ తల్లి అల్లినవి ఏ దేశంలో ఏ బల్లమీద పరిచారో ఆమెకు తెలియదు.

"నేను అల్లి యిస్తాను" అన్నది. చైనా మిషను లేసు వచ్చే గదా మన పనికి గిరాకీ తగ్గిందని పొరుగువారు గుర్తుచేశారట. "మిషను పెట్టింది ఆ పిల్ల కాదుగా" అన్నదట ముసలమ్మ. ఒక్కటే యిబ్బంది: లేసు తెల్లనిది, తెలుపు చైనావారికి చావు యింటి రంగు. అందుకని ఎర్రదారం తెప్పించారు. మసకబారిన కళ్లకు ఎరుపు మీద కుట్లు లెక్క తెలియక రెండుసార్లు విప్పి అల్లింది. అరచేతికంత గుండ్రటి లేసులు ఎనిమిది.

అమ్మాయి వెళ్లి వాటిని రెండు చేతులతో అందించింది. వద్దు వద్దని ముమ్మారు అని, నాలుగవసారి పుచ్చుకున్నారట, అచ్చం మన పల్లెటూరి అత్తగార్ల మాదిరి. ఎదుట విప్పి చూడలేదు. నచ్చలేదేమోనని బెంగపడకుండా వుండవలసిన సంగతి యిది. వచ్చినవారు వెళ్లాకే విప్పడం అక్కడి పాతవారి మర్యాద. మరునాడు ఫోటో వచ్చింది. పెట్టెలు దాచిన ఆ గదిలోనే, అక్కడి నాయనమ్మ వేడినీళ్ల ఫ్లాస్కు కింద ఎర్రలేసు. నరసాపురంలో ఆ ఫోటోను ఫోనులో పెద్దది చేసి చూపిస్తే ముసలమ్మ ముందుగా కుట్లు సరిగా వున్నాయా అని చూసుకుందట. మేనమామ కూడా ఆ ఫోటో చూశాడు, ఏమీ అనలేదు.

తరువాతి సెలవులకు అటునుండి ఎండు రేగుపండ్లు, ఒక డబ్బా పచ్చటీ ఆకు వచ్చాయి. లైట్‌మాన్ భార్య ఆ టీని పాలూ పంచదారా వేసి బాగా మరిగించి మాకు యిచ్చింది. అమ్మాయి ముఖం దాచుకుంది. మేము రెండవ గ్లాసు అడిగాము.