డ్రాప్ షాట్ ఎప్పుడు, ఎవరి మీద

ఫోర్‌హ్యాండ్ బయటికి పోతే చెయ్యి తప్పిందంటాం. డ్రాప్ షాట్ నెట్‌లో పడితే మాత్రం బుద్ధి తప్పిందంటాం. "ఇప్పుడెందుకు వేశాడ్రా అది!" అని టీవీ ముందు కూర్చుని తిట్టుకోని టెన్నిస్ అభిమాని ఉండడు. నాకు ఈ షాట్ మీద ఇష్టం పెరగడానికి కారణం కూడా అదే. ఇందులో మణికట్టు పనితనం కంటే నిర్ణయం పాలే ఎక్కువ.

2023 వింబుల్డన్ ఫైనల్ చూసినవాళ్ళకి చివరి గేమ్ గుర్తుండే ఉంటుంది. ఐదో సెట్, 5-4, అల్కరాజ్ సర్వీస్. అవతల జొకోవిచ్. మొదటి పాయింట్‌లోనే అల్కరాజ్ డ్రాప్ షాట్‌కి ప్రయత్నించి పోగొట్టుకున్నాడు. 0-15. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇంకెవరైనా అయితే ఆ తర్వాత పది నిమిషాలు ఆ షాట్ జోలికి పోడు. ఇతను తర్వాతి పాయింట్‌లోనే మళ్ళీ వేశాడు. జొకోవిచ్ పరిగెత్తుకొచ్చి అందుకున్నాడు కూడా. అప్పుడు అతని తల మీదుగా ఓ లాబ్. 15-15.

దాన్ని తెగింపు అని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం అది లెక్కలాగే కనిపిస్తుంది. మొదటిది నెట్‌లో పడినంత మాత్రాన జొకోవిచ్ నిలబడ్డ చోటు మారలేదు కదా! అల్కరాజ్ ఫోర్‌హ్యాండ్‌కి భయపడి వెనక్కి జరగడం మానలేదు. డ్రాప్ షాట్‌కి అసలు పెట్టుబడి ఆ భయమే. అల్కరాజ్ రాకెట్ వెనక్కి లాగినప్పుడు ఎవరికైనా బంతి బుల్లెట్‌లా వస్తుందనే అనిపిస్తుంది, కాలు దానంతట అదే ఓ అడుగు వెనక్కి పడుతుంది. ఆఖరి క్షణంలో అతను గ్రిప్ మార్చేస్తాడు. గట్టిగా కొట్టలేనివాడు డ్రాప్ వేస్తే అది ఒట్టి షార్ట్ బాల్, ఎదురొచ్చి బాదేస్తారు.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కాబట్టి కొన్ని కొలతలు. నెట్ నుంచి బేస్‌లైన్‌కి 39 అడుగులు. దానికి ఇంకో ఏడెనిమిది అడుగులు వెనక నిలబడేవాడు నెట్ దాకా రావాలంటే దాదాపు 14 మీటర్లు. నెట్ మధ్యలో 3 అడుగుల ఎత్తు, పక్కన స్తంభాల దగ్గర మూడున్నర. కాబట్టి క్రాస్ కోర్ట్ డ్రాప్‌లో బంతి తక్కువ ఎత్తు దాటితే చాలు, కానీ దారి పొడుగు, అవతలివాడికి కాస్త ఎక్కువ టైము దొరుకుతుంది. లైన్ వెంబడి వేస్తే దారి దగ్గర, కానీ నెట్ ఎత్తు. ఏది మంచిదని పుస్తకం చూసి చెప్పలేం. అవతలివాడి బరువు ఆ క్షణాన ఏ కాలి మీద ఉందో దాన్నిబట్టే జవాబు.

ఎప్పుడు వెయ్యకూడదో చెప్పడం కొంచెం తేలిక. మనమే బేస్‌లైన్ వెనక ఉన్నప్పుడు వద్దు. లోతుగా పడ్డ బంతి మీద వద్దు. ఇంకొకటుంది: ర్యాలీ పొడుగవుతోంది, ఊపిరి అందట్లేదు, ఏదో ఒకటి తేలిపోతే బాగుండు అనిపిస్తుంది చూశారూ, అప్పుడు అస్సలు వద్దు. ఆ డ్రాప్ మన అలసటని ప్రత్యర్థికి చెప్పేస్తుంది.

అలాగని అలసటకీ ఈ షాట్‌కీ సంబంధం లేదని కాదు. 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో నదాల్ రెండు సెట్లు వెనకబడి కూడా మెద్వెదెవ్ మీద గెలిచాడు. అంత వెనక నిలబడి ఆడే మనిషిని డ్రాప్ షాట్‌లతో మళ్ళీ మళ్ళీ ముందుకి లాగాడు. ఐదు గంటలు దాటిన మ్యాచ్‌లో, పాయింట్ పోయిన డ్రాప్ కూడా అవతలి కాళ్ళ నుంచి ఎంతో కొంత వసూలు చేసుకునే పోతుంది.

కాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి మా కాలనీ కోర్టు గురించి చెప్పాలి. ఆదివారాలు నాతో ఆడే ఓ అంకుల్ ఉన్నారు. అరవై దాటాయి, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. ఆయన తిరిగి ఆడటం మొదలుపెట్టాక కోర్టులో ఓ రాయని రూలు పుట్టింది: అంకుల్‌కి డ్రాప్ వెయ్యొద్దు. ఆయన్ని కారులో దింపడానికొచ్చే కూతురు కూడా "కాస్త చూసి ఆడండన్నా" అని నాకు చెప్పింది. మూడు వారాలకి ఆయనకి అర్థమైపోయింది. "ఏమయ్యా, నాకు షార్ట్ బాల్సే రావట్లేదు ఈమధ్య? పరిగెత్తాలో వద్దో నేను చూసుకుంటా. నువ్వు వెయ్యి" అన్నారు.

కూతురి మాట కాదనలేను. ఆయన మాట కూడా కాదనలేను. గెలవనివ్వడం కంటే ఆడనివ్వకపోవడమే పెద్ద అవమానమని ఆయన గొంతులో స్పష్టంగా వినిపించింది. అందుకని ఇప్పుడు ఆయన మీద డ్రాప్ వేస్తాను, కానీ లెక్క తిరగేసి. ఆయన వెనక్కి జరుగుతున్నప్పుడు వెయ్యను. పక్కకి తిరిగి ఉరకాల్సిన చోట వెయ్యను. రెండు కాళ్ళ మీదా నిలకడగా ఉన్నప్పుడు, ఆయనకి నేరుగా ఎదురుగా వేస్తాను. ఏ కోచ్ చూసినా తప్పు డ్రాప్ అంటాడు. ఆయన సగం అందుకుంటారు, సగం వదిలేస్తారు. ఏది వదలాలో ఆయనే తేల్చుకుంటారు.

నా విషయంలో మాత్రం ఆయనకి అలాంటి మొహమాటాలేం లేవు. నేను వెనక్కి అడుగేసేదాకా ఆగి, సరిగ్గా అప్పుడే వేస్తారు.