పాత సామాను – కొత్త శోభ

గృహాలంకరణ ధనవంతుల వ్యవహారమని మనలో చాలామంది అభిప్రాయం. కొత్తగా తయారుచేసి, కావాలనే మసి పూసి, అంచులు అరగదీసి, పాతకాలపు వస్తువులని పేరు పెట్టి అంగళ్ళలో అమ్ముతున్న లాంతర్లనూ గ్రామఫోను బూరలనూ వాటి ధరలనూ చూసినప్పుడు ఆ అభిప్రాయం మరింత బలపడుతుంది. ఆ లాంతరులో వత్తి ఉండదు. ఆ బూర నుండి పాట రాదు. నిజంగా పాత ఇళ్ళలో పుట్టి పెరిగిన మావంటివారు పాతదనాన్ని వెల యిచ్చి కొనవలసిన అవసరమేమి? ఈ తలంపుతోనే గత వేసవి సెలవులలో మేమిద్దరు అక్కచెల్లెళ్ళం మా ఇంటి అటక ఎక్కాము. అక్కడ దొరికినదానిని గురించీ, ఆ పిమ్మట మేము చేసిన ఒక పొరపాటును గురించీ విద్యార్థి మిత్రులకు విన్నవించుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో, తుంగభద్రకు చేరువలో ఉన్నది. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రా హంద్రీ నదులు పొంగి పట్టణాన్ని ముంచెత్తిన సంగతి మా ఊరివారెవరూ మరువలేరు. అప్పటికి మేము పసివాళ్ళం. ఎవరి చంకలోనో ఉండి పక్కింటి మేడమీది నుండి వీధిలో పారుతున్న ఎర్రటి నీటిని చూడడం మాత్రం లీలగా జ్ఞాపకం. నీరు తీసిన తరువాత ఇంట్లో మిగిలినది బురద. పరుపులు, బట్టలు, అబ్బా దాచుకొన్న ఉర్దూ పుస్తకాలు అన్నీ పోయాయి. నీరు అటకకు జానెడు కిందనే ఆగినందువలన అటకమీది వస్తువులు దక్కాయి. కనుక మా అటకలో ఉన్నది పనికిరాని సామాను అనడానికి మాకు మనసొప్పదు. అది వరద విడిచిపెట్టిన సామాను.

మొదట చేపట్టినది దాదీమా పెండ్లినాటి రేకు ట్రంకు. ఇది మాత్రం నీట మునిగి, ఆ తరువాత అటక చేరినదే. త్రుప్పును గరుకు కాగితంతో గీకి, థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిచి, రెడాక్సైడు ఒక పూత వేశాము. దానిమీద ఆకుపచ్చ ఎనామెల్ రంగు రెండు పూతలు వేయాలి. మొదటి పూత ఆరేవరకు ఓపిక పట్టలేక రెండవది పూసినందున రంగంతా ముసలివారి చర్మంవలె ముడతలు పడింది. మళ్ళీ గీకి మొదటికి వచ్చాము. తొందర ఎంత చేటో అప్పుడే గ్రహించి ఉండవలసినది! అమ్మీ పాత చీరలను పొరలు పొరలుగా పరచి బొంత కుట్టి ట్రంకుపై వేస్తే ఇద్దరు సుఖంగా కూర్చొనగల ఆసనం తయారయింది. లోపలి రేకుకు రంగు వేయలేదు. మూత ఎత్తితే వరద నీటి చార ఇప్పటికీ కనిపిస్తుంది.

చిమ్నీ పగిలిన లాంతరులో చిన్న బల్బు అమర్చుకొన్నాము. ఆ పని అబ్బా చూసుకొన్నారు. ఇత్తడి సోల, తవ్వ, మానికలను చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి తోమేసరికి చిలుము వదలి బంగారంలా మెరిశాయి. తవ్వలో కలాలు, మానికలో మనీప్లాంటు పెట్టాము. చూసినవారు మెచ్చుకొన్నారు. ఆ మెప్పే మా కొంప ముంచింది.

దాదీమా పుట్టిల్లు బీదరు. అక్కడి నుండి జహేజులో వచ్చిన బిద్రీ పాన్‌దాన్ ఆమె నిత్యం వాడుకొనే వస్తువు. వరదనాడు ఇల్లు విడిచి పక్కింటి మేడ ఎక్కేటప్పుడు ఆమె చేత పట్టుకొన్నది అదొక్కటే. నల్లగా, కాంతి లేకుండా, వెండి తీగలు మసకబారి ఉన్న ఆ పాన్‌దాన్‌ను కూడా మెరిపించి ఆమెను ఆశ్చర్యపరచాలని మాకు తోచింది. ఆమె అసర్ నమాజులో ఉండగా మూత తెచ్చి చింతపండులో నానబెట్టి, ఇటుక పొడితో గట్టిగా రుద్దాము. నలుపు పోయింది. దాని కింద నుండి మెరుపు రాలేదు. బూడిదరంగు లోహం బయటపడింది. ఆ బూడిదరంగులో వెండి లత ఎక్కడున్నదో కూడా కనిపించలేదు. ఒకచోట ఒక వెండి ఆకు లేచి నీటితోపాటు తూములో కొట్టుకొని పోయింది.

దాదీమా వచ్చి చూశారు. కోపగించుకొని ఉంటే బాగుండేది. మూతను కొంగుతో తుడుచుకొని, "అది మురికి కాదు బేటా, అది దాని రంగే" అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రం ఆమె పాన్ వేసుకోలేదు. ఆమె పాన్ వేసుకొనని సాయంత్రాన్ని మేము అదే మొదటిసారి చూశాము.

మాలో ఒకరు రసాయనశాస్త్ర విద్యార్థిని. ఆమ్లము జింకును తినివేస్తుందని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నదే గాని, ఇంట్లోని పాన్‌దాన్ జింకుతో చేసినదని ఆమెకు తెలియదు. ఈ సంగతి మాకు బోధపరచినవారు హైదరాబాదు పాతబస్తీలోని ఒక వృద్ధ కారీగరు. అబ్బా మమ్మల్ని ఆయనవద్దకు తీసుకొనిపోయారు. "ఏమి పూశారమ్మా?" అని అడిగి, చింతపండని చెప్పగానే, "దాన్ని పప్పులో వేసుకోవాలి" అని నవ్వారు.

బిద్రీ లోహంలో అధికభాగం జింకు, కొద్దిపాటి రాగి. పోతపోసిన పాత్రను నునుపుచేసి, చెక్కడపు గీతలు కనబడేందుకు మైలుతుత్తం నీళ్ళతో తాత్కాలికంగా నలుపుచేసి, ఉలితో లతలు చెక్కి, ఆ గాళ్ళలో వెండిని కొట్టి పొదుగుతారు. చివరకు బీదరు కోటలో ఎండా వానా సోకని చోటి మట్టిని నవాసాగరంతో కలిపి, వేడిచేసిన పాత్రకు పట్టిస్తారు. జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. మేము పోగొట్టినది మురికి కాదు, పనివాడు చిట్టచివర చేసిన పని! బహమనీల కాలం నుండి వస్తున్న విద్య ఇది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదరు నేడు కర్ణాటకలో ఉన్నా, హైదరాబాదులో ఈ పని తెలిసినవారు ఇంకా ఉన్నారు. ఆ మరునాడు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలనూ పాన్‌దాన్‌లనూ చూస్తూ, వాటి నలుపును మేమెన్నడూ నలుపుగా చూడలేదని సిగ్గుపడ్డాము.

కారీగరు మా యెదుటనే మూతను వేడిచేసి మట్టి పట్టించారు. కడిగేసరికి బూడిదరంగు నల్లబడి, లత తెల్లగా పైకి తేలింది. ఇటుక పొడి గీతలు కొన్ని మాత్రం ఉండిపోయాయి. పోయిన ఆకు చోట కొత్త వెండి పొదుగుతామన్నారు. ఫోనులో దాదీమాను అడిగాము. "వద్దు. వరద చేయలేని పని నా మనుమరాండ్రు చేశారు. అదీ దానిమీద ఉండనీయండి" అని ఆమె నవ్వారు. ఆ నవ్వు విన్న తరువాతగాని మేము అన్నం తినలేదు.

ఇప్పుడు ఆకుపచ్చ ట్రంకుపై ఒక చివర పాన్‌దాన్, మరొక చివర దాదీమా. ఇద్దరు కూర్చొనగల ఆసనమని చెప్పుకొన్నాము గాని, మాకు అక్కడ చోటు లేదు. వచ్చినవారు ఇది ఎక్కడ కొన్నారని అడుగుతూనే ఉన్నారు. ప్రతి శుక్రవారం మెత్తని గుడ్డతో రెండు చుక్కల కొబ్బరినూనె దానికి పట్టించడం మా వంతు. చింతపండు డబ్బాను మాత్రం అమ్మీ మాకు అందని పై అరలోకి మార్చింది.