చేతికొచ్చేది

నేను బి.ఏ. చదివానన్న సంగతి మా నరసరావుపేట వీధిలో అందరికీ తెలుసు. లెక్కల్లో బొటాబొటీగా గట్టెక్కానన్న సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. అందుకే మొన్న శివరాత్రి వెళ్ళిన నెలలో మా మేడమీద అద్దెకుండే అమ్మాయి జీతం కాగితం పట్టుకుని దిగొచ్చింది.

"ఇది కాస్త చదివి పెట్టండక్కా. మా ఆయన ఓటీ డబ్బులు ఏడ దాస్తన్నాడో తేలాలి!"

ఆయన ఫైర్ సర్వీసులో ఉద్యోగి. కోటప్పకొండ తిరునాళ్ళకి ఫైరింజనుతో వెళ్ళి రెండు రాత్రులు ఇంటి మొహం చూడలేదు. ప్రభలు వెలుగుతుంటే మనం నోరు తెరుచుకుని దీపాలు చూస్తాం. ఆయన కరెంటు తీగలకేసి చూస్తాడు. ఎండలు ముదిరితే ఇక చెప్పనే అక్కర్లేదు. గడ్డివాములు, మిరప కల్లాలు, పత్తి గోడౌన్లు! ఈ అమ్మాయి అన్నయ్యేమో మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం నాటినుంచీ అలాంటిచోట అదనపు గంటకి రెట్టింపు కూలి. మరి మంటల్లోకి వెళ్ళే మొగుడికి ఎంత రావాలి?

కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. బేసిక్, డి.ఏ., ఇంటద్దె అలవెన్సు ఉన్నాయి. ఓటీ అన్న గడే లేదు! కోతలు మాత్రం బారులు తీరాయి. సి.పి.ఎస్. కింద బేసిక్, డి.ఏ.ల మీద 10 శాతం, ఎ.పి.జి.ఎల్.ఐ. బీమా, ఆరోగ్య పథకం, వృత్తి పన్ను 200, ఆపైన అప్పు వాయిదా. పై అంకె చూస్తే మురిపెం, కింది అంకె చేతికొచ్చేది.

"ఫ్యాక్టరీ చట్టం ఫైర్ స్టేషనుకి వర్తించదమ్మా. సర్కారు యూనిఫారం కొలువు. పిలిస్తే పోవాల్సిందే" అన్నాను, జడ్జీలా.

(అమెరికాలో అయితే 28 రోజుల్లో 212 గంటలు దాటాక గంటకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలట. అక్కడున్న మా అక్కయ్య కొడుకు చెప్పాడు. ఆ మాట ఎత్తలేదు. పుండు మీద కారమెందుకు?)

"అయితే ఇన్నాళ్ళూ ఆయన్ని ఊరికే అనుమానించానా?" అంది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

సాయంత్రం ఆయన మెట్లెక్కుతుంటే ఆపి అడిగాను, ఈ ముక్క ముందే చెప్పకూడదా అని.

"రూపాయి రాదంటే సెలవు రోజు పోనిస్తదా అక్కా?" అని నవ్వాడు.

ఆ రాత్రే ఫోనొచ్చింది. ఎక్కడో గడ్డివామి అంటుకుందట. కంచం ముందునుంచి లేచి పరుగున దిగాడు. వెనకాలే క్యారేజీతో ఆ అమ్మాయి.

"ఓటీ లేనోడికి ఇంత తొందరేంది?" అంటూ గేటు దగ్గర చేతికందించింది.