తెడ్డు మోసే మనిషి

మా తూప్రానుకు సముద్రం లేదు. హల్దీ వాగు వున్నది గాని, దాన్ని చూసి సముద్రాన్ని ఊహించుకొనడం పిల్లిని చూసి పులిని ఊహించుకొనడం వంటిది. ఇటు హైదరాబాదు, అటు నాగపూరు, నడుమ పెద్ద రోడ్డు. రాత్రింబగళ్ళు లారీల మోత. మా ఊళ్ళో అలల చప్పుడంటే అదే.

అటువంటి ఊళ్ళో కూర్చుని, నీళ్ళ మీద పదేళ్ళు తిరిగిన గ్రీకు రాజు కథ ఎందుకు చెప్పావయ్యా అని అడిగితే, తప్పు నాది కాదు, 2020 వేసవిది. లాక్‌డౌనులో నా బడి మూతబడింది. కాళ్ళకల్ దగ్గర మా అన్న పని చేసే కార్ఖానా మూతబడింది. వదినకు బీడీల ఆకు రావడం ఆగిపోయింది. నాయినకు మాత్రం ఏ మార్పూ లేదు. ఆయన అంతకుముందూ మంచం దిగేవాడు కాదు. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాపలు పరుచుకొనేవాళ్ళం. "ఏదన్న కత చెప్పు తమ్మీ" అన్నది వదిన. భారతం ఆమెకు నాకంటె బాగా తెలుసు. చిన్నప్పుడు తల్లిగారి ఊళ్ళో తెల్లవార్లూ చిందు భాగోతాలు చూసిన మనిషి. ఆమెకు తెలియని కథే చెప్పాలని నాకు పంతం పుట్టింది. హోమరుదని చెప్పే "ఒడిస్సీ" ఎత్తుకొన్నాను. ఇరవై నాలుగు భాగాలు, పన్నెండువేల పైచిలుకు పంక్తులు. నెల గడుస్తుందని ధైర్యం.

ట్రాయి యుద్ధం పదేళ్ళు, తిరుగు ప్రయాణం పదేళ్ళు. ఇరవై ఏళ్ళకు ఇల్లు చేరిన ఒడిస్సియసు కథ ఇది. మొదలు దేవతల సభతో. వాళ్ళ ఇంద్రుడి వంటివాడు జ్యూసు; వాళ్ళ వరుణుడు పొసైడను. ఒడిస్సియసు మీద పగబట్టి సముద్రంలో తిప్పుతున్నది ఈ పొసైడనే. ఆయన ఇథియోపియన్ల దగ్గర నైవేద్యాలు ఆరగించడానికి వెళ్ళిన సమయం చూసి, జ్యూసు కూతురు ఎథీనా తండ్రి దగ్గర మాట కదుపుతుంది: నాయనా, ఆ మనిషిని ఇంటికి పంపరాదా అని. అడ్డం పెట్టే ఆఫీసరు సెలవులో వున్ననాడు ఫైలు కదిలించుకొనడం మన కచేరీల్లోనే నేర్చారనుకొన్నాను. ఆ విద్య స్వర్గంలోనూ వుందన్నమాట.

నాయినకు దేవతల వ్యవహారం బాగా నచ్చింది. సూర్యదేవుడి ఆవులను ఒడిస్సియసు మనుషులు కోసుకొని తిన్నారనీ, జ్యూసు పిడుగు వేసి ఓడ ముంచాడనీ చెప్పగానే, "మరి ఆవులను తిన్నంక బతుకుతరా?" అని అటు తిరిగి పడుకొన్నాడు. ఒక్కడే బతికి, కలిప్సో అనే దేవతాస్త్రీ దీవిలో ఏడేళ్ళు చిక్కుకొన్నాడనగా మళ్ళీ ఇటు తిరిగి, "ఏలినాటి శని. ఇంకో ఆర్నెల్లు కలుపుకో" అన్నాడు. వదిన ప్రశ్న వేరు. "ఏడేండ్లూ ఆమె దగ్గర్నే ఉన్నడా?" అవును. చావు లేకుండా చేస్తానని కూడా ఆశపెట్టింది. నా పెండ్లాం నీ అంత అందగత్తె కాదు, అయినా ఇంటికే పోతానని పగలంతా ఒడ్డున కూర్చుని ఏడ్చేవాడు. "పగటి మాట సరే, రాత్రుల్లు?" అన్నది వదిన. అన్న దగ్గాడు. నేను తరువాతి ఘట్టానికి దూకాను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా అన్న 2004లో దుబాయి పోయాడు. నిజామాబాదు, కరీంనగరు, మెదకు జిల్లాలనుంచి ఆ దారి పట్టిన వేలమందిలో ఒకడు. పోయిన చోట పాసుపోర్టు యజమాని పెట్టెలో పెట్టుకొన్నాడు. జీతం సరిగా ఇవ్వకపోతే అన్న ఆ పని వదిలి బయట పడ్డాడు. అట్లా బయటపడ్డవాణ్ణి మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. కాగితం లేదు, పేరు లేదు. దొరికిన చోట కూలి, పోలీసు కనబడితే పరుగు. ఒక చోట కుమార్ అన్నారట, ఒక చోట సలీం అన్నారట. అన్నింటికీ పలికాడు.

గుహలో ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమసు నీ పేరేమంటే, ఒడిస్సియసు "ఎవడూకాదు" అంటాడు. కన్ను పొడిచాక వాడు కేకలు పెడితే, ఎవడు కొట్టాడని ఇరుగుపొరుగు రాక్షసులు అడుగుతారు. "ఎవడూకాదు!" అంటాడు వాడు. ఎవడూ కాకపోతే ఇక మేమెందుకని వాళ్ళు పోతారు. ఇక్కడ అందరూ నవ్వారు. కాని ఓడ దాటిపోతూ ఈయన ఊరుకోడు. ఫలానావాణ్ణి, ఫలానా ఊరివాణ్ణి అని అసలు పేరు కేకవేసి మరీ చెబుతాడు. పాలిఫీమసు పొసైడను కొడుకు. పేరు తెలిసింది కనుక పేరు పెట్టి శపించమని తండ్రికి మొక్కుకొన్నాడు. కష్టాలన్నీ అక్కడ మొదలు. "ఎంత తెలివితక్కువ!" అన్నాను, పంతులు బుద్ధి చొప్పున.

అన్న చాలాసేపటికి అన్నాడు: "పేరు చెప్పకుంట ఎన్నొద్దులుంటడు, తమ్మీ?"

నెల రోజుల్లో ఆయన కథ గురించి అన్నది ఆ ఒక్క మాటే.

పాతాళంలో ఒడిస్సియసుకు తల్లి కనబడుతుంది. ఏ జబ్బుతో పోయావమ్మా అంటే, నీ బెంగతో పోయానంటుంది. మూడుసార్లు కావలించుకోబోతే మూడుసార్లు నీడలాగా జారిపోతుంది. ఈ ఘట్టం నేను వాళ్ళకు చెప్పలేదు. మా అమ్మ 2011లో పోయింది. అన్న రాలేకపోయాడు. ఎవరిదో ఫోనులో ఏడ్పు వినిపించాడు, అంతే.

పెనెలోపు కథకు వదిన నిటారుగా కూర్చున్నది. మొగుడు రాడు లెమ్మని, పెండ్లాడతామంటూ నూట ఎనిమిది మంది వచ్చి ఇంట్లో తిష్ఠ వేశారు. "అష్టోత్తరమా!" అన్నాడు నాయిన. ముసలి మామగారికి కప్పేందుకు శవవస్త్రం నేస్తున్నాను, అది కాగానే పెండ్లి అని చెప్పి, పగలు నేసింది రాత్రి విప్పుతూ మూడేళ్ళు గడిపింది మహాతల్లి. నేను దీన్ని గొప్ప ఉపాయంగా చెప్పాను. వదినకు ఏమీ గొప్ప కనబడలేదు. "ఇప్పితే ఎట్ల నడుస్తది తమ్మీ? వెయ్యి బీడీలు చుడితే గద కూలి. రాత్రి ఇప్పుకుంట కూసుంటే తెల్లారి ఏం తింటం?" మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నవాళ్ళు పెండ్లికొడుకులు కారు, వీసా అప్పులవాళ్ళు, నూటికి మూడు రూపాయల మిత్తి. వాళ్ళకు చాయ పోసి, అరుగు కిందనే కూర్చుని వదిన ఆకు కత్తిరించేది. ఆ బాకీ తీరడానికి ఆరేళ్ళు పట్టింది.

ఒడిస్సియసు బిచ్చగాడి వేషంలో వస్తే ముసలి కుక్క ఆర్గసు ఒక్కటే చూడగానే గుర్తుపట్టి, తోక ఆడించి ప్రాణం విడుస్తుంది. మా కుక్క అట్లా చేయలేదు. 2018లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే అన్న ఔటుపాసు మీద శంషాబాదులో దిగి, అర్ధరాత్రి ఇల్లు చేరాడు. కుక్క గల్లీ అంతా లేచేట్టు మొరిగింది. దాని తప్పేమున్నది, అన్న పోయేనాటికి అది పుట్టలేదు. అన్న కూడా ఇంటిని గుర్తుపట్టలేదు. ఆయన విడిచిపోయింది పెంకుటిల్లు. ఆయన పైసలతోనే 2012లో స్లాబు వేశాం. తాను కట్టించిన ఇంటి ముందు తలుపెక్కడో తెలియక సంచి పట్టుకొని నిలబడ్డాడు. వదిన గుమ్మం లోపలనే వున్నది. రోజూ ఫోనులో మాట్లాడుకొనేవాళ్ళే. ఎదురుపడితే ఇద్దరికీ మాట రాలేదు.

స్లాబు వేసేనాడు వేపచెట్టు కొట్టేయాలన్నాడు మేస్త్రి. నాయిన, నేను సరేనన్నాము. వదిన ఒప్పుకోలేదు, కావాలంటే గది చిన్నది చేయండన్నది. అందుకే మా స్లాబుకు ఆ మూల ఒక గంటు వుంటుంది. చీకట్లో అన్న చెయ్యి ఆ చెట్టుకు తగిలింది. "గిది ఉంచిన్రా" అన్నాడు. అప్పుడు వదిన బయటకు వచ్చి, "కాళ్ళు కడుక్కో, అన్నం పెడ్త" అన్నది.

కనుక పెనెలోపు మంచం పరీక్ష చెప్పేటప్పుడు నేను వాళ్ళిద్దరి మొగాలు చూడలేదు. పాతుకొని వున్న ఆలివు చెట్టు మొద్దునే కోడుగా చెక్కి ఒడిస్సియసు ఆ మంచం చేశాడు. దాన్ని బయట వేయమని భార్య పనిమనిషితో అంటే, అది కదిలేది కాదు గదా అని మండిపడ్డాడు. అదే గుర్తు. మన దమయంతి బాహుకుడి వంట రుచి చూసి నలుణ్ణి పట్టుకొన్నట్టే. గబగబా చెప్పి దాటేశాను.

ఆ రాత్రే ఒడిస్సియసు భార్యకు ఇంకో సంగతి చెబుతాడు. గుడ్డి జోస్యుడు తిరీసియసు పాతాళంలో చెప్పింది: ఇల్లు చేరాక ఒక తెడ్డు భుజాన వేసుకొని మళ్ళీ బయలుదేరాలి. "తెడ్డా? పప్పు కలిపేదా?" అన్నది వదిన. కాదు, పడవ నడిపేది. సముద్రం ఎరుగని ఊరు వచ్చేదాకా నడవాలి. ఎవడో ఎదురై, ధాన్యం తూర్పారబట్టేది భుజాన వేసుకొన్నావేమయ్యా అంటాడు. అక్కడ తెడ్డు పాతి పొసైడనుకు బలి ఇస్తే పగ తీరుతుంది.

"ఆ ఊరు మనదే వదినా! తెడ్డును చూసి చాట అనేది మనమే. తూర్పారబట్టే తూప్రాను!" అన్నాను. (ఊరి పేరుకు అర్థం అదని నేననడం లేదు, పండితులు క్షమించాలి.) నాయిన నవ్వాడు. వదిన నవ్వలేదు.

"ఇరువై ఏండ్లకు ఇల్లు జేరినోడు, మల్ల పోతడా?"

నా గొంతు ఎండింది. ఆ మధ్యాహ్నమే అన్న నన్ను పక్కకు పిలిచి, ఆఫీసులు తెరవగానే కొత్త పాసుపోర్టుకు దరఖాస్తు పెట్టమన్నాడు. కార్ఖానా తెరుస్తారో లేదో, ఏజెంటు ఒకడు మాట్లాడుతున్నాడన్నాడు. వదినకు చెప్పొద్దన్నాడు. ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అసలు తెలిసి అడిగిందో తెలియక అడిగిందో అదీ తెలియదు.

"పోవాలని వుంది వదినా. పోయినట్టు పుస్తకంలో లేదు" అన్నాను. అది నిజమే. చచ్చిన పెండ్లికొడుకుల చుట్టాలకూ ఇతనికీ ఎథీనా రాజీ చేయడంతో ఒడిస్సీ అయిపోతుంది.

అన్న లేచి కుండలో నీళ్ళు తాగి వచ్చాడు. "తమ్మీ, ఆ ఫారం ఇప్పుడే నింపకు" అన్నాడు. "ఇప్పుడే" అన్న మాట వదిన విన్నది. చాప దులిపి, ఇంకొక వైపు వేసుకొని పడుకొన్నది.

కార్ఖానా తరువాత తెరిచారు. అన్న పొద్దున్నే పోయి రాత్రికి వస్తున్నాడు. సగం నింపిన ఆ దరఖాస్తు నా దగ్గరే వున్నది. ఏటా దసరాకు ఇంటికి పోతే వదిన పప్పు వడ్డిస్తూ అడుగుతుంది: "ఆ తెడ్డాయన పోయిండా తమ్మీ?"

"పుస్తకంలో లేదు వదినా" అంటాను.